మా తోటికోడలి నెత్తురు

మా తోటికోడలు రక్తం ఇచ్చి వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే, పుణ్యం చేసే మనిషిని చూసి కుళ్లుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా అంటారు. ఉంది. జహీరాబాద్‌లో, మా కిరాణా దుకాణం వెనక ఇంట్లోనే ఉంది.

ఆమె మా మరిది భార్య, నాకంటే ఏడేళ్లు చిన్న. బీదర్ వైపు పిల్ల. ఎత్తుగా, నిండుగా ఉంటుంది, సూదంటే లెక్కలేదు. నాలుగు నెలలు నిండితే చాలు, ఎక్కడ క్యాంపు పెట్టారో కనుక్కుని మరీ వెళ్తుంది. వచ్చేటప్పుడు చేతిలో ఒక సర్టిఫికెట్, ఒక మామిడి రసం డబ్బా. ఆ సర్టిఫికెట్లకు మా అత్తమ్మ లామినేషన్ చేయించి ముందు గదిలో వరసగా తగిలించింది. వాటికి చోటు చాలక నా పెళ్లి ఫొటో లోపలి గదిలోకి పోయింది.

నేనా, నలభై రెండు కిలోలు. పెళ్లినాడూ అంతే, అమ్మమ్మనయ్యాకా అంతే. నలభై అయిదు లేకపోతే రక్తం తీసుకోరు.

సర్టిఫికెట్లు పోనీ. నా అసలు మంట నా కూతురి దగ్గర మొదలైంది. మూడేళ్ల క్రితం తనకు మొదటి కాన్పు. మనవరాలు పుట్టాక నెత్తురు ఆగలేదు. ఒక బ్యాగు ఎక్కించాలి, మీలో ఒకరు ఇవ్వండి అంది డాక్టరమ్మ. మా ఆయన షుగర్‌కు సూదులు వేసుకుంటాడు, వద్దన్నారు. మరిదికి అంతకు ముందు నెలే మలేరియా వచ్చి తగ్గింది, ఆయనా పనికిరాలేదు. అల్లుడు ఇంకా పుణె నుంచి దారిలో ఉన్నాడు. నేను చెయ్యి చాపాను. నర్సమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, "ముందు నువ్వు జర కడుపు నిండ తినమ్మా" అంది. చివరికి మా తోటికోడలే పొయ్యి మీది కూర దించేసి, స్కూటర్ వెనక కూర్చుని వచ్చి మంచమెక్కి చెయ్యి చాపింది.

నా కూతురు బతికింది. ఆ రోజు ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాను, మనసారా పెట్టాను. కుళ్లు అనేది మనవరాలిని తొట్టెలలో వేసిన రోజున పుట్టింది. ఇల్లంతా చుట్టాలు. నా కూతురు మా తోటికోడలి మెడ చుట్టూ చేతులు వేసి, "నా ఒంట్ల చిన్నమ్మ నెత్తురున్నది. ఇంక నాకు ఇద్దరమ్మలు" అంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, నా కారణం వేరు.

అప్పటి నుంచి ఫోన్ ముందు ఆమెకే వస్తుంది. మనవరాలికి జ్వరమొస్తే ఆమెకే, చీర కొంటే రంగు అడగడానికీ ఆమెకే. తొమ్మిది నెలలు మోసింది నేను, పేరు మాత్రం ఒక్క బ్యాగు నెత్తురికి.

నేనూ ఒక్కసారి ఇచ్చి చూపించాలని పట్టుబట్టాను. రెండు నెలలు పల్లీలు, బెల్లం, బీట్‌రూట్ తిన్నాను. కోహీర్ నుంచి మా అన్న జామపండ్లు పంపితే ఎవరికీ పెట్టకుండా నేనే తిన్నాను. పరీక్ష చేయిస్తే రక్తం బాగానే పట్టింది. బరువు మాత్రం నలభై మూడున్నర దగ్గర ఆగి కూర్చుంది. పోయిన నెలలో మా వీధి చివరి ఫంక్షన్ హాల్లో క్యాంపు అన్నారు. మా దుకాణంలోకి కరెంటు కాంటా వచ్చాక పాత ఇనుప తూకం రాళ్లు బస్తాల వెనక పడి ఉన్నాయి. అందులో రెండు కిలోల రాయి తీసి, గుడ్డలో చుట్టి, చీర లోపల నడుముకు కట్టుకున్నాను. కిరాణా ఇంటి కోడలికి తూకం సరిచేయడం ఒక లెక్కా?

వరసలో నా ముందున్న కుర్రాడు చేతి మీద కొత్తగా పచ్చబొట్టు పొడిపించుకున్నాడు, ఏడాది తర్వాత రమ్మన్నారు. ఒకావిడ గురువారం ఒక్కపొద్దని పొద్దుటి నుంచి ఏమీ తినలేదట, వెనక్కి పంపారు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లినీ పంపేశారు. ఒక్కొక్కరూ వెళ్తుంటే నాకు లోపల సంతోషమే. కాంటా ఎక్కాను. నలభై అయిదున్నర. వేలు పొడిచి చూశారు, సరిపోయింది. గర్వంగా వెళ్లి మంచం మీద వాలానో లేదో, నడుము దగ్గర గుడ్డ జారి, రాయి ఇనుప మంచానికి ఠంగున తగిలింది.

హాలంతా ఒక్కటే నవ్వు. రక్తం తీసే పెద్దాయన మాత్రం నవ్వలేదు. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, "గింత బక్క పాణం నుంచి తీస్తే కండ్లు తిరిగి పడిపోతవమ్మా. గిదేం పని?" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా బిడ్డ ఒంట్లో నా తోటికోడలి నెత్తురు ఉందన్న సంగతంతా కక్కేశాను.

"ఎవరు చెప్పిన్రమ్మా నీకు?" అన్నాడాయన. "తీసిన నెత్తురు తీసినట్టే ఎక్కియ్యరు. దానికి పరీక్షలు చెయ్యాలె. మీ బిడ్డకు ఎక్కించింది ఫ్రిజ్‌ల ముందే ఉన్న బ్యాగు, ఎవరో ఇచ్చిపోయింది. మీ తోటికోడలిది దాని జాగల పెట్టి ఉంటరు. అది ఇంకెవరికో పోయి ఉంటది."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు, కాళ్లు నేల మీద ఆనలేదు. పరువు పోయిన సంగతే మరిచిపోయాను. ఆదివారం కూతురు వస్తుంది, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను.

ఆదివారం రానే వచ్చింది. మా తోటికోడలు వంటింట్లో ఒక్కతే జొన్నరొట్టెలు చేస్తోంది. నేను ఆగలేకపోయాను.

"నా బిడ్డ ఒంట్ల ఉన్నది నీ నెత్తురు కాదంట" అన్నాను. "ఎవరిదో అంట. నీది వేరేటోళ్లకు పోయిందంట."

ఆమె ముఖం వాడిపోతుందేమోనని కన్నార్పకుండా చూశాను. ఆమె పెనం మీది రొట్టె తిరగేసింది.

"నాకెర్కనే అక్కా. ఆ దినమే నర్సమ్మ చెప్పింది."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

పొయ్యి మంట తగ్గించింది. "నాకిద్దరూ మొగపోరగాళ్లేనాయె. ఒక ఆడపిల్ల గట్ల మెడకు చేతులేసి అమ్మా అంటుంటె, కాదు బిడ్డా అని ఎట్ల చెప్పాలె? నువ్వు దానికి జడేస్తుంటె చూసి ఎన్నిసార్లు కుళ్లుకున్ననో నీకెర్కలేదు. చెప్పాలనుకుంటె చెప్పక్కా. నేను కాదన."

అంతలో ముందు గదిలోంచి నా కూతురు కేకేసింది. "చిన్నమ్మా, రొట్టెలు అయినయా?"

ఆమె రొట్టెల పళ్లెం చేతిలోకి తీసుకుంది. నా వైపే చూస్తూ నిలబడింది. నోటి దాకా వచ్చిన మాట నా దగ్గర ఉంది. దాన్ని మూడు రోజులుగా మోస్తున్నాను.

"అయినయ్ బిడ్డా, మీ చిన్నమ్మ తెస్తున్నది" అన్నాను.

ఆమె పళ్లెం పట్టుకుని గబగబా వెళ్లిపోయింది. నేను తర్వాతి రొట్టె పెనం మీద వేశాను. కళ్లు మండి నీళ్లు కారాయి. పొగ అని చెప్పుకోవడానికి లేదు, మాది గ్యాసు పొయ్యి.