అచ్చులో ఉన్న మంత్రగత్తె

మీరు ప్రాణంగా ప్రేమించే నవల ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తే ఏం చేస్తారు?

బస్తర్ సంస్థానం రోజుల్లో శబరి ఒడ్డున ఒక తెలుగు పల్లెలో నేను కలప గుమాస్తాని. ఆ ఊళ్లో చదువు వచ్చింది నాకొక్కడికే. చూపుతోనే పిల్లల నెత్తురు పీల్చే మంత్రగత్తె ఉన్న ఒక నవలను సాయంత్రాలు అందరికీ చదివి వినిపించేవాణ్ణి.

ఇంతలో ఊరిపెద్ద లచ్చయ్య మనవడికి జ్వరం ముదిరింది. పక్కింటి ముసలి గంగమ్మ చూపే పిల్లాడి నెత్తురు పీలుస్తోందని ఊరివాళ్లు ఆమెను చెట్టుకు కట్టేసి కర్రలు పట్టుకున్నారు.

"పెద్దయ్యా, అది కట్టుకథ!" అని అరిచాను.

"అబద్ధాన్ని అంత కష్టపడి అచ్చేస్తరా ఏంది?" అన్నాడు లచ్చయ్య.

ముందుమాట తెరిచి, ఇదంతా తన ఊహేనని రచయిత రాసిన వాక్యం చదివాను.

"నిన్నటిదాంక పుస్తకం సదివినవ్. ఇయ్యాల దీన్ని కాపాడనీకి కల్పించి చెప్తున్నవ్," అన్నాడు లచ్చయ్య.

"ఇంకోపాలి సదువు బాబూ," అని ఏడ్చింది గంగమ్మ.

మళ్లీ చదివాను. ఎవరూ నమ్మలేదు. ఆ అక్షరాలు సరిచూడగల మరో మనిషి ఊళ్లో లేడు. కర్రలకు అడ్డం పడి చంపకుండా ఆపగలిగాను, అంతే. ఆమెను ఏరు దాటించి తరిమేశారు. మళ్లీ కనిపించలేదు.

నవలలు చదివి వినిపించి సంబరపడకండి. మీ పక్కన చదువు రాని ఒక్కరికి ఈ రోజే అక్షరాలు దిద్దించండి.