మనం ఏ మండలంలో ఉన్నాం?

చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు బస్సులో ముప్పావు గంట. దానికి యాత్ర అని పేరు పెడితే నవ్వుతారు. కానీ ఇరవై రెండేళ్లుగా సోషల్ చెప్తున్న మనిషి సెలవు పెట్టి, ఇంకో టీచర్ పాఠం వినడానికి పోవడమంటే నాకు కాశీకంటే దూరమనిపించింది.

కారణం నా కూతురు శ్రావణి. తొమ్మిదో తరగతి, నా క్లాసులోనే. జూలై పరీక్షలో "మనం ఏ మండలంలో ఉన్నాం?" అని అడిగాను. ఉష్ణ మండలం అని రాస్తారనుకున్నాను. క్లాసు క్లాసంతా "చేవెళ్ల మండలం" అని రాసింది, నా బిడ్డతో సహా. అందరికీ ఎర్ర సిరాతో సున్నా పెట్టాను. మొయినాబాద్ బడిలో టీచరమ్మ ఇదే పాఠం ఏటా ఆగస్టు మొదట్లో సూర్యుణ్ణి చూపించి చెప్తుందని, అక్కడ చదివే దాని మేనత్త కూతురు శ్రావణికి చెప్పిందట. ఆ సాయంత్రమే, "నాన్నా, నాకు టీసీ ఇప్పియ్యి. నేను ఆ బడికి పోత" అంది. నా కడుపు మండింది. పోయి చూసి, అక్కడ ఏమీ లేదని తేల్చి, బిడ్డను వెనక్కి తెచ్చుకుందామని బయలుదేరాను.

ఆగస్టు మొదటి వారం. తొమ్మిదింబావుకు మెహిదీపట్నం బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి శ్రావణికి సున్నా టికెట్, నాకు మాత్రం డబ్బులు పడ్డాయి. పక్క సీట్లో కూరగాయల గంపతో ఒక అవ్వ.

"బిడ్డను ఏడికి తీస్కపోతున్నవ్ సారూ?"

"ఉష్ణ మండలం చూపెట్టనీకి, అవ్వా" అన్నాను వెటకారంగా.

"గదేడున్నది? కొత్తగ జేసిండ్రా? మా ఊరు గూడ అండ్లనే కలిపిండ్రా ఏంది?"

శ్రావణి కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు.

చేవెళ్ల, మొయినాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, భూమధ్యరేఖకు ఉత్తరాన పదిహేడు డిగ్రీలు దాటి. బస్సు తూర్పుకు పోతుందే తప్ప పైకీ కిందికీ పోదు. అదే ఎండ, అదే వాన. మరి ఆమెకొచ్చిన పేరు నాకెందుకు రాలేదు? దారి పొడవునా నాలో ఇదే గొడవ.

పదింటికి దిగి ఇడ్లీ తిని, పది నిమిషాలు నడిచి బడికి చేరాం. హెడ్మాస్టరు ఒప్పుకుంటే శ్రావణి పిల్లల మధ్య, నేను వెనక బెంచీలో కూర్చున్నాం. టీచరమ్మ పొట్టి మనిషి, నేత చీర. ఆమె గ్లోబుకు స్టాండు విరిగి ఉంది. నాది కొత్తది. కొంచెం హాయిగా అనిపించింది.

పన్నెండింటికి పిల్లల్ని బయటికి తీసుకుపోయి, నేల మీద పైపు ముక్క నిలబెట్టింది. మబ్బు పట్టి ఉంది. నిజం చెప్తాను, ఆ మబ్బు తొలగొద్దని మొక్కుకున్నాను. పన్నెండూ ఇరవైకి ఎండ కాసింది. మూడు నిమిషాలకు పైపు నీడ పూర్తిగా మాయమైంది. పిల్లలు తమ నీడలు వెతుక్కుంటూ గంతులేశారు.

"మనం ఏ మండలంల ఉన్నం?" అని అడిగిందామె.

"మొయినాబాద్ మండలం!"

నాకు పండగయింది. ఆమె మాత్రం "కరెక్టే" అంది. "మన మండలానికి ఎమ్మార్వో ఉన్నట్టు భూమికి సూర్యుడే ఎమ్మార్వో అనుకోండ్రి. నడిమి మండలంల, మనసొంటి ఊర్లకు, యాడాదికి రెండుసార్లు నెత్తిమీదికొచ్చి నిలబడ్తడు. ఇయ్యాల వచ్చిండు. అందుకే మనకు ఇంత ఉడుకు. దాని పైన, కింద సమశీతోష్ణ మండలాలు. ఆడికి వస్తడు గాని పక్కకెళ్లి చూసి పోతడు, నెత్తిమీదికెప్పుడు రాడు. ధ్రువాల దిక్కు శీతల మండలాలు. ఆడ దినాలు, నెలలు లీవే! గిప్పుడు చెప్పుండ్రి, మనది ఏ మండలం?"

"ఉష్ణ మండలం!" నా బిడ్డ గొంతే అందరికంటే పైన వినిపించింది. నేనెన్నడూ దానితో అంత గట్టిగా జవాబు చెప్పించలేదు.

"మా పిల్లలు గూడ మండలం పేరే రాసిండ్రు" అన్నాను ఆమెతో, నీళ్లు నములుతూ.

"తప్పేం రాసిండ్రు సార్? మండలమంటే వాళ్లకు తెల్సింది గదే గద."

నేను సున్నా పెట్టిన తప్పు మీదే ఆమె పాఠం కట్టింది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదని లోలోపల కుళ్లుకున్నాను.

మూడున్నరకు తిరుగు బస్సు. నిలబడే వచ్చాం.

"కోపమా నాన్నా?"

"కోపం కాదు బిడ్డా, కుళ్లు. టీసీ రేపు ఇప్పిస్త."

శ్రావణి బస్సు కడ్డీ వదిలి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, "పొద్దుగాల పోయి సాయంత్రం వస్త గద. టీచర్ ఏం చెప్పిందో రోజు నీకు చెప్త. నువ్వు మన క్లాసోళ్లకు చెప్పు" అంది.

"చెప్త."

"ఆమె చెప్పిందని గూడ చెప్పాలె."

చేవెళ్లలో దిగేవరకు ఆ మాటకు నేను ఒప్పుకోలేదు.

చూడాలనుకునేవాళ్లు ఆగస్టు మొదటి వారంలో పన్నెండు లోపే చేరుకోండి. నీడ ఎక్కడైనా ఒక పైపు ముక్కతో చూడొచ్చు. పాఠం మాత్రం ఆమె చెప్తేనే వినాలి. ఇంతసేపూ టీచరమ్మ అని దాటేశాను. ఆమె పేరు ఎస్తేరు.