మగ్గం గుంతలో మా మొదటి ఆల్బమ్

పాట విని ఊరుకోలేక, దాని లోపల ఏముందో విప్పి చూడాలనిపించే వయసు ఒకటుంటుంది. సీడీలు గీతలు పడుతూనే బతుకుతున్న ఆ రోజుల్లో, గద్వాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే నాకు ఓ విదేశీ బ్యాండు మొదటి ఆల్బమ్ దొరికింది. హార్డ్ రాకే, కానీ ఫంక్ కలిసినది. పైన గిటార్ తలుపులు బాదుతుంటే కింద బేసూ డ్రమ్ములూ కుంటుతూ నడిచేవి, అయినా పడేవి కావు. ఎందుకు పడవన్నదే నా పరేషాన్. మేనమామ కొడుకు, చీరలు నేసే మా బావకు వినిపించాను. కళ్లు మూసుకుని విని, "కాలు లెక్క కాలుది, చెయ్యి లెక్క చెయ్యిది. అయినా గుడ్డ ఒక్కటే దిగుతది. గిది మగ్గమే గద బామ్మర్ది," అన్నాడు.

అలా మా బ్యాండు పుట్టింది. గిటార్‌కు పెద్దమందడి దోస్తు (చేతిలో ఎప్పుడూ ఏదో వైరు ఉండేది కనుక పేరు కరెంటు), బేస్‌కు నేను (తీగలు నాలుగే కదా అని), డ్రమ్ములకు బావ. తీరా పెళ్లి మేళం వాళ్ల డ్రమ్ములు తెచ్చి ముందు పెడితే బావ ఊరేగింపే వాయించాడు. "కాళ్లు గుంతల లేకుంటే చేతికి తెలివి రాదు," అని చేతులెత్తేశాడు. అయితే మగ్గమే వాయించమన్నాం. అమావాస్యనాడు వీధి మగ్గాలన్నీ ఆగుతాయి, రికార్డింగుకు అంత నిశ్శబ్దం మళ్లీ దొరకదు. కానీ ఆ రోజు మగ్గాన్ని ముట్టుకుంటే మామ మమ్మల్ని ముట్టుకుంటాడు. అందుకని మామ వనపర్తికి పోయిన అమావాస్య చూసుకుని, కరెంటు తన కంప్యూటర్ మోసుకొచ్చి, మైకును బావ కాళ్లాడించే మగ్గం గుంతలోకి దించాడు. మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర ఉంది. 'ఇంకొక్క చీర ఖరాబైతే మగ్గం దిగుడే' అని మామ బావకు ముందే చెప్పి ఉన్నాడు. ఆ సంగతి బావ మాకు నాలుగు పాటలూ అయ్యాక చెప్పాడు.

మర్నాడు మామ చీర మీద బొటనవేలు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగాడు. జానెడు మేర నేత బిర్రబిగుసుకుని ఉంది.

"ఎవలు తరిమిండ్రురా నిన్ను?"

బావ బదులు నేనే నసుగుతూ పాట సంగతి చెప్పాను. మామ తిడతాడనుకుంటే, "ఏదీ, పెట్టు," అన్నాడు. కరెంటు మూడో పాట పెట్టాడు. మామ చెవి అటు పెట్టి, వేలితో నేతను ఒక్కో పోగూ తడుముతూ విన్నాడు. మళ్లీ పెట్టించాడు. మూడోసారి విన్నాక తల ఎత్తాడు.

"మగ్గం తప్పలే. ముందుగాల ఆ బొయ్ బొయ్‌మనేటోడు ఉరికిండు, వాన్ని అందుకుంటానికి మగ్గం ఉరికింది. ఎవడు వాడు?"

బావ నేలచూపులు చూశాడు. కరెంటు తన వైరు చుట్టుకోసాగాడు. (బేస్ ఎవరికీ వినబడదని అప్పటిదాకా నా ధైర్యం.) నోరు విప్పకపోతే బావ మగ్గం దిగాలి.

"నేనే మామా."

"అయితే బావను దిగుమనేదెందుకు? ఉరుకుడు నీదే, విప్పుడు నీదే అల్లుడా. ఒక్క పోగు తెగొద్దు."

ఆ జానెడు నేత విప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. పాటను విప్పి చూడాలన్న కోరిక అలా తీరింది. నేను విప్పినచోటే బావ మళ్లీ నేశాడు, ఈసారి పక్కన ఏ సంగీతమూ లేకుండా. చీర పెళ్లికి పోయింది. మా ఆల్బమ్ మాత్రం మా ముగ్గురి ఇళ్లు దాటి ఎక్కడికీ పోలేదు.

మొన్న ఆ మూడో పాట విన్నాను. రెండు మెట్లెక్కి ఆగి ఊపిరి తీసుకుంటున్న నాకు, అందులో బావనీ మగ్గాన్నీ వెనకేసుకుని ఉరుకుతున్న ఆ బేస్ కుర్రాడు వినిపించాడు. అంత తొందరగా ఎక్కడికి పోదామనుకున్నాడో వాణ్ని అడగాలనిపించింది. అడగాలంటే ముందు వాణ్ని అందుకోవాలి కదా.