అక్కమ్మ కుట్టిన నీలిపట్ట

గాంధీనగర్‌లో ఆ చిన్న ఈతకొలను కాగితాల మీద అనుపమది. కొలనునే అడిగితే మాత్రం తాను అక్కమ్మ సొత్తునని చెబుతుంది. గేటు తాళం తీసేది అక్కమ్మ, నీళ్ల మీద పడిన ఆకు ఏరేది అక్కమ్మ, చెప్పులతో గట్టెక్కినవాడు ఎంత గొప్పోడైనా వెనక్కి పంపేది అక్కమ్మ. యాభై రెండేళ్ల మనిషి. అందులో ముప్ఫై ఏళ్లు మిరప కళ్లాల్లోనే గడిచాయి. ఈత రాదు. మోకాలి లోతుకు మించి నీళ్లలో దిగిన పాపాన పోలేదు. అయినా ఆ నీళ్ల సంగతి ఆమెకు తెలిసినంతగా ఈదేవాళ్లకు తెలియదు. ఇది ముఖస్తుతి కాదు.

మొన్న చలికాలం మొదట్లో అనుపమ ఒక సోలార్ కవర్ తెప్పించింది. నీలిరంగు ప్లాస్టిక్ పట్ట, అడుగున అంతా గాలి బుడగలు. బుడగలు కిందికి పెట్టి నీళ్ల మీద పరిస్తే పగటి ఎండను నీళ్లలోకి దించుతుంది, రాత్రి ఆ వేడిని పోనివ్వదు. ఇదంతా సహన కోసం. తొమ్మిదేళ్ల ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ కాళ్లు బిగుసుకుపోతాయి, గోరువెచ్చని నీళ్లలో సడలుతాయి. నాయనమ్మ పక్కీరమ్మ వారానికి మూడుసార్లు తోరణగల్లు నుంచి బస్సులో తీసుకొస్తుంది. నాలుగు నెలల సాధనకు పిల్ల నీళ్లలో కమ్మీ పట్టుకుని నడవడం నేర్చింది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు.

సోమవారం కొలనుకు సెలవు. సండూరు దారిన తిరిగే లారీల ఎర్రదుమ్ము నీలిపట్ట మీద పేరుకుందని అక్కమ్మ దాన్ని ఒంటిచేత్తో లాగి శుభ్రంగా కడిగింది. మిరప కళ్లం నేర్పిన చదువు ఒకటుంది. తడిపట్ట నీడలో ఉంటే బూజు పడుతుంది, గాలాడేట్టు వదులుగా చుట్టి ఎండలో పెట్టాలి. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ తప్పని పాఠం. అలాగే చుట్టి, మిట్టమధ్యాహ్నం బండల మీద పెట్టి, ఇంటికెళ్లి సంగటి తిని కునుకు తీసింది.

ఈ ప్లాస్టిక్ తీరు వేరు. పరిచినంతసేపూ కింది నీళ్లే దాన్ని చల్లగా ఉంచుతాయి. చుట్టి ఎండలో పెడితే ఒక పొర వేడి ఇంకో పొరకెక్కి బుడగలు పేలిపోతాయి. నాలుగింటికి వచ్చి చూస్తే ఎండవైపు పొరలన్నీ మాడిన అప్పడాల్లా ముడుచుకుని అతుక్కుపోయాయి.

ఇంకొకరైతే సరుకే నాసిరకం అనేవారు. అనుపమ నమ్మేది కూడా. అక్కమ్మ ఫోను చేసింది.

"మేడమ్, పట్ట కాల్సేసినా. నేనే. చుట్టి ఎండలో పెట్టినా."

"అట్ల పెట్టొద్దని పెట్టెలో కాగితం ఉండాది కదా అక్కమ్మా?"

"ఇంగ్లీసులో ఉండాది. అయినా మిమ్మల్ని అడిగింటే అయిపోయేది. తెలుసనుకున్నా, అడగలే."

కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. బుధవారం సహన వచ్చేసరికి రెండు రాత్రుల చలి నీళ్లలో దిగింది. పిల్ల దిగిన రెండు నిమిషాలకే కాళ్లు బిగుసుకున్నాయి. నొప్పికి ఏడ్చింది. పక్కీరమ్మ "సాకు బిడు తాయీ, ఇంక సాలు" అంటూ తువ్వాలు చుట్టి మనవరాలిని ఎత్తుకుపోయింది. ఆమె నాలుగు తిట్టి పోయినా బాగుండేదనిపించింది అక్కమ్మకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని వెక్కిరిస్తాం గానీ, ఆకులైనా పట్టుకునేవాళ్లు ఎందరు? అక్కమ్మ చుట్ట విప్పింది. బండవైపు ఉన్న భాగాలూ లోపలి పొరలూ బాగానే ఉన్నాయి. మంచి ముక్కలన్నీ కత్తిరించి, ఆటోలో వేసుకుని, జీన్సు ప్యాంట్లు కుట్టే తమ్ముడు దుర్గేశ్ దగ్గర దించింది.

"ఇది జీన్సు గాదక్కా. సూది దిగితే చిరుగుతాది."

"దగ్గర దగ్గర కుడితే చిరుగుతాది. అంచు మీద అంచేసి దూరం దూరం కుట్లేయప్పా. నూలుదారం బేడ, వద్దు. నీళ్లలో కుళ్లిపోతాది."

"రేపటికి మూడొందల ప్యాంట్లు ఇయ్యాల."

"ప్యాంటు లేకుంటే ఎవురూ కూలబడరు. ఇది లేకుంటే ఆ పిల్ల కూలబడతాది."

దుర్గేశ్ ప్యాంట్లు పక్కకు నెట్టి లావుసూది ఎక్కించాడు. సాయంత్రానికి పని అయింది. కుట్టిన పట్ట కొలనుకు రెండు బారలు చాల్లేదు. ఆ ఖాళీని లోతువైపుకు వదిలి, సహన నడిచే వైపంతా కప్పింది అక్కమ్మ. ఈసారి తెలుసనుకోలేదు. అనుపమ పక్కన కూర్చుని ఆ కాగితం ఆసాంతం చదివించుకుంది, అర్థం కానిచోట రెండుసార్లు చదివించుకుంది. జీన్సు జేబులకు వాడే తెల్లగుడ్డతో చుట్టకు ముసుగు కూడా కుట్టించింది.

శుక్రవారం పక్కీరమ్మ రాలేదు. అక్కమ్మ ఫోను చేసి, "తప్పు నాదక్కా. ఆదివారం ఒక్కతూరి బిడ్డను పిల్చుకరా. నీళ్లు బిసిగా, ఎచ్చగా లేకుంటే నా మొగం సూడొద్దు" అంది.

ఆదివారం వచ్చారు. అక్కమ్మ ఒక అంచు, అనుపమ ఒక అంచు పట్టుకుని, నేలకు రాయనివ్వకుండా పట్టనంతా ఒక పొడుగాటి గొట్టానికి చుట్టారు. సగం తీస్తే చాలదూ అని పక్కీరమ్మ తొందరపడితే అక్కమ్మ కసిరింది. పట్ట కిందికి పిల్ల జారితే పైనున్నవాళ్లకు కనిపించదు. నీలం పూర్తిగా తీశాకే సహనను దిగనిచ్చింది.

పిల్ల కాళ్లు బిగుసుకోలేదు. కమ్మీ పట్టుకుని అటు నడిచింది, ఇటు నడిచింది. ఏమనుకుందో ఏమో, ఉన్నట్టుండి కమ్మీ వదిలేసింది. ఒక అడుగు, ఇంకో అడుగు. అయిదోదానికి, నీళ్లలో పక్కనే నిలబడ్డ అనుపమ చేతుల్లో పడింది. పక్కీరమ్మ పెట్టిన కేక వీధిదాకా వినిపించింది.

అక్కమ్మ ఇదేదీ చూడలేదు. గోడవార నీడలో వంగి, చుట్టకు ఎక్కడా ఎండ తగలకుండా ముసుగు సర్దుతోంది. కేక వినేసరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏమాయ? బిడ్డకేమాయ?"

పెద్దవాళ్లిద్దరూ ఒక్కసారే చెప్పబోయారు. సహన చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది.

"మీరు సుమ్నిరి. అక్కమ్మవ్వా, నువ్వు ఆడ్నే నిలబడు. నీకోసరం ఇంకోతూరి నడుస్తా" అని, కమ్మీ వదిలింది.