రేడియో అక్క సొట్ట గ్లాసు

మా బస్సు డిపోలో ఏ కబురైనా అందరికీ చేరాలంటే నోటీసు బోర్డు దాకా వెళ్ళక్కర్లేదు, క్యాంటీన్ అక్క చెవిన వేస్తే చాలు. పొద్దున్న మొదటి బస్సు డ్రైవరు రొట్టె తింటూ విన్నది, మధ్యాహ్నం సూపు వేళకల్లా వర్క్‌షాపులో బస్సు కింద పడుకుని పనిచేసే మెకానిక్కుకి కూడా తెలిసిపోయేది. అందుకే ఆమెకి రేడియో అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆమె నొచ్చుకునేది కాదు. రేడియో ఉన్నదే చెబుతుంది కదా, లేనిది కల్పించదు కదా అనేది. అలాంటి మనిషి ఒక్క సంగతిని పదకొండేళ్ళు కడుపులో దాచుకుంది. అది తెలిసిన రెండో మనిషిని నేను. అదే డిపోలో టైం కీపర్ని, ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రాసుకోవడం నా ఉద్యోగం. నోరు మూసుకుని కూర్చోవడం నాకు కొత్త కాదు. ఆమె ఎలా కూర్చుందన్నదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

క్యాంటీన్ అంటే రేకుల కప్పు కింద పొడుగాటి గది, పన్నెండు బల్లలు, గోడకి వడ్డించే కిటికీ, ఆ కిటికీ వెనక అక్క రాజ్యం. పొయ్యి మీద చంటిపిల్లకి స్నానం చేయించేంత పెద్ద గిన్నె ఉండేది. అందులో రోజూ సూపు. ఒకరోజు చిక్కుడు గింజలతో, ఒకరోజు బంగాళాదుంపలతో, జీతాల రోజున కోడి మాంసంతో. అక్క చెంచాలతో కొలిచేది కాదు. ఉప్పుకి ఒక స్టీలు గ్లాసుండేది. ఎప్పుడో బస్సు చక్రం కింద పడి ఒక పక్క సొట్టపోయింది. ఆ గ్లాసు నిండా ఉప్పు పోసి, అరచేత్తో పైన చదును చేసి, గిన్నెలో బోర్లించేది. ఇరవై ఏళ్ళుగా అదే గ్లాసు, అదే అరచెయ్యి.

ఈ బోర్లించడం చూడ్డానికి రోజూ పదకొండింటికి కిటికీ దగ్గర ఒక మనిషి నిలబడేవాడు. అక్క తమ్ముడే. డిపోలో అందరికంటే సీనియర్ డ్రైవరు, ఇరవై ఆరేళ్ళలో బస్సుకి చిన్న గీత కూడా పడనివ్వలేదు. పెళ్ళి చేసుకోలేదు. బస్సు తీరిక ఇవ్వలేదంటాడు కానీ, అక్క వంట వదిలి పోవడం ఇష్టంలేక అని మా అందరి అనుమానం. ఆయనకి ఉప్పంటే ప్రాణం. జామకాయ మీద ఉప్పు సరే, అరటిపండు మీద కూడా చల్లుకునే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. "గ్లాసు పడిందా అక్కా?" అని అడిగేవాడు. పడిందంటే తృప్తిగా వెళ్ళి బల్ల దగ్గర కూర్చునేవాడు.

పదకొండేళ్ళ కిందట డ్రైవర్ల వైద్య పరీక్షలో ఆయన రక్తపోటు అంకె చూసి నర్సమ్మ యంత్రం చెడిపోయిందనుకుని ఇంకోటి తెప్పించింది. రెండోది ఇంకో రెండు అంకెలు ఎక్కువే చూపించింది. మర్నాటి నుంచి స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు. మాత్రలిచ్చారు, ఉప్పు సగానికి సగం తగ్గించమన్నారు, పన్నెండు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష అన్నారు. అందులోనూ తప్పితే ఇక జన్మలో బస్సు నడపడం ఉండదు. అప్పటిదాకా ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన వస్తువుల గదిలో కూర్చోమన్నారు.

ఆ గది నా గదికి ఎదురుగానే ఉంటుంది. నలభై గొడుగులు, జత లేని చెప్పులు, ఎవరివో కట్టుడు పళ్ళు. వాటి మధ్య ఆయన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టుకుని, తన నంబరు బస్సు వేరే డ్రైవరు చేతిలో గేటు దాటుతుంటే చూసేవాడు. వాడు గేరు మార్చిన చప్పుడు వినగానే ముఖం చిట్లించేవాడు. నాకు చూడబుద్ధయ్యేది కాదు. మాత్రలైతే వేళకి వేసుకున్నాడు. ఉప్పు మాత్రం మానను పొమ్మన్నాడు. ఉప్పులేని కూడు తిని బతికేకంటే గొడుగుల్లో గొడుగునై ఉండిపోతానన్నాడు.

అక్కకి ఆ వారం కూడు సహించలేదు. ఎందుకో నాకు చెప్పింది. వాళ్ళమ్మ పోయినప్పుడు తమ్ముడికి నాలుగేళ్ళు, ఆమెకి పన్నెండు. పిల్లాడు నెలరోజులు అన్నం ముట్టలేదట. ముద్ద మీద ఉప్పు రాయి పెట్టి, ముద్ద మింగితే ఇంకో ఉప్పు రాయి ఇస్తానని మురిపించి తినిపించిందట. "వాడి నాలిక్కి ఉప్పు నేర్పింది నేనే. వాడి బస్సు పోతే ఆ పాపం నాదేనే," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలో ఉల్లిపాయ లేదు, అయినా కళ్ళు కారుతున్నాయి.

ఇంతలో డిపో మేనేజరుకి ఉత్సాహం వచ్చింది. మా మేనేజరుకి ఉత్సాహం వచ్చిందంటే బోర్డు రాయిస్తాడు. సోమవారం పొద్దున్నే క్యాంటీన్ గుమ్మం మీద ఎర్ర అక్షరాలతో బోర్డు వెలిసింది. మీ ఆరోగ్యం కోసం నేటి నుండి వంటలలో ఉప్పు తగ్గించబడినది, అని. ఈ సంగతి అక్కకి ముందు చెప్పాలన్న ధ్యాస ఆయనకి లేదు. అక్కకి చిర్రెత్తుకొచ్చింది. నా వంటింటికి బోర్డు పెట్టడానికి వీడెవడని, సొట్ట గ్లాసు ఎప్పటిలాగే నిండుగా బోర్లించింది.

ఆ మధ్యాహ్నం గోల చూడాలి. సూపు చప్పగా ఉందన్నారు, గడ్డి ఉడకబెట్టిన నీళ్ళలా ఉందన్నారు, ఖైదీలకి కూడా ఇంతకంటే రుచిగా పెడతారన్నారు. బల్లల మీది ఉప్పు డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. తమ్ముడైతే గ్లాసు చూడ్డం ఆ ఒక్కరోజు మరిచిపోయి బోర్డు చూశాడు, చూసి జేబులోంచి సొంత పొట్లం తీశాడు. నిన్నటి ఉప్పుకి ఒక్క రవ్వ తగ్గని సూపది! అక్క కిటికీలోంచి చూస్తూ మొదట గరిటె విసిరికొట్టింది, తర్వాత నిశ్శబ్దమైపోయింది. ఆమె నిశ్శబ్దంగా ఉండటం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం మేనేజరు దగ్గరకెళ్ళి బోర్డు తీయించేసింది. ఉప్పు మునుపటిలాగే పడుతుందని, కావాలంటే వచ్చి గ్లాసు చూసుకోమని డిపో అంతా చాటింది. ఆ పనికి ఆమెని మించినవాళ్ళు ఎవరు? తమ్ముడు మర్నాడు పదకొండింటికి వచ్చి చూశాడు. గ్లాసు నిండుగానే పడింది. పొట్లం జేబులోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నా గొడుగు క్యాంటీన్‌లో మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. అక్క చిన్న గిన్నెలో కొవ్వొత్తి కరిగిస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. నేను ఏమీ అడగలేదు, అడిగితేగానీ చెప్పని మనిషా ఆమె? కరిగిన మైనాన్ని సొట్ట గ్లాసు అడుగున ఒక చెంచాడు పోసి, చల్లారనిచ్చి, వేలితో నొక్కి చూపించింది. పైనుంచి చూస్తే గ్లాసు నిండు, లోపల ఒక చెంచా ఉప్పు తక్కువ. వచ్చే ఆదివారం ఇంకో చెంచా మైనం. ఆ పై వారం ఇంకోటి. ఒకేసారి తగ్గిస్తే నాలుక పట్టేస్తుందని, దొంగలా మెల్లగా పోవాలని ఆమె లెక్క. బల్లల మీది ఉప్పు డబ్బాల మూతలకి కూడా లోపలివైపు మైనం పూసి ఏడు చిల్లుల్లో నాలుగు మూసేసింది.

"నువ్వెవరికీ చెప్పకు," అంది నాతో.

"నేను చెప్పను. నీ సంగతి చూసుకో అక్కా," అన్నాను.

ఒక గ్లాసుతో అయ్యే పని కాదని తర్వాత తెలిసింది. ఉప్పు మనం వేసేదొక్కటే కాదని, కొన్న సరుకుల్లో కూడా దాక్కుని వస్తుందని నర్సమ్మ చెప్పిందట. అక్క తన కళ్ళజోడు చాలక నా కళ్ళజోడు కూడా పెట్టుకుని సూపు పొడి పొట్లం మీద, సాసు సీసా మీద చీమతలకాయంత అక్షరాలు చదివింది. చదివి తిట్టడం మొదలుపెట్టింది. తీపి బిస్కెట్లలో కూడా ఉప్పుందని తెలిసినరోజు ఆ కంపెనీ వాళ్ళని నోటికొచ్చినట్టు కడిగేసింది. సూపు పొడి మానేసి ఉల్లిపాయలు బాగా ఎర్రగా వేయించడం, టొమాటోలు, వెల్లుల్లి, మిరియాలు, దించాక నిమ్మరసం పిండటం పట్టుకుంది. రొట్టెలు చేసిచ్చే ఆయన దగ్గరికి పోయి పిండిలో ఉప్పు తగ్గించమంది. ఉప్పు తగ్గితే పిండి అదుపు లేకుండా పొంగిపోతుందని ఆయన మొరాయించాడు. పొంగేలోపే పొయ్యిలో పెట్టడానికి నీకు చేతులు లేవా అని అడిగి వచ్చింది. వారం తిరిగేసరికి ఆయనా దారికొచ్చాడు. ఇక రాత్రి భోజనం తమ్ముడు అక్క ఇంట్లోనే తింటాడు. ఆ వంటగదికి కిటికీ లేదు కనక అక్కడ గ్లాసుతో పని పడలేదు.

రెండో వారం ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో వారం ఏమీ అనలేదు. ఆరో వారం ఒక కండక్టరు ఈ మధ్య సూపు భలే ఉంటోందే అన్నాడు. అక్క నోరు తెరిచింది. నేను దగ్గాను. మూసుకుంది. ఆ రోజుల్లో నాకు దగ్గు మందు పంపిన పుణ్యాత్ములు కూడా ఉన్నారు.

పదో వారంలో కొంప మునిగింది. సొట్ట గ్లాసుని అక్క ఎప్పుడూ తనే చన్నీళ్ళతో కడుక్కునేది. ఆ రోజు పంటి నొప్పితో తొందరగా ఇంటికెళ్ళిపోయింది. గిన్నెలు కడిగే ఆమె పాపం సాయం చేద్దామని గ్లాసుని మరిగే నీళ్ళలో వేసింది. మైనమంతా కరిగిపోయింది. మర్నాడు దవడ వాచిన అక్క, ఒక కన్నుమూసి ఒక కన్ను తెరిచి, గ్లాసు లోపల చూడకుండానే నింపి బోర్లించేసింది. అది పాత గ్లాసు, పాత కొలత. ఇరవై ఏళ్ళు అందరూ లొట్టలేసుకుంటూ తిన్న ఉప్పు.

మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నది తమ్ముడే. ముఖం వంకర పోయింది. చెంచా కింద పెట్టి మంచినీళ్ళు తాగాడు. చుట్టూ అందరూ మంచినీళ్ళు తాగుతున్నారు. ఆయన లేచి కిటికీ దగ్గరకొచ్చాడు.

"అక్కా, ముసలిదానివైపోతున్నావే. ఉప్పు రెండుసార్లేశావు. మనుషులు తినేదేనా ఇది?"

అక్క గ్లాసులోకి చూసింది. అడుగు తళతళలాడుతోంది. ఆ క్షణంలో ఆమెకి విషయం మొత్తం అర్థమైంది, నాకూ అర్థమైంది. ఉప్పు ఒక్క రవ్వ తగ్గినా ఊరుకోనన్న నోటితో ఆయనే ఆ ఉప్పుని వద్దంటున్నాడు. నేను అప్పుడే దగ్గుకి సిద్ధమయ్యాను.

"అవున్రా, మతిమరుపు. రెండుసార్లే వేసినట్టున్నాను," అంది అక్క. వాచిన దవడతో నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. గిన్నెలో నీళ్ళూ బంగాళాదుంపలూ పోసి మళ్ళీ ఉడికించింది. డిపోలో వారంపాటు ఆమె మతిమరుపు మీద జోకులు నడిచాయి. అన్నీ పడింది. మైనం పోయిన సంగతి తెలిసిన రాత్రే రెండు కొవ్వొత్తులు ఒకేసారి కరిగించి గ్లాసులో పోసుకుంది.

పన్నెండో వారం పరీక్ష. నర్సమ్మ యంత్రం పట్టీ బిగించిందని, గాలి వదిలిందని, మళ్ళీ బిగించిందని తమ్ముడే వచ్చి చెప్పాడు. అంకె దిగింది. స్టీరింగ్ ఇచ్చారు. మాత్రల వల్ల ఎంత దిగిందో, మైనం వల్ల ఎంత దిగిందో ఏ యంత్రమూ విడదీసి చెప్పదు. మాత్రలు ఆపొద్దని, తిండి ఇలాగే ఉండనిమ్మని నర్సమ్మ గట్టిగా చెప్పి పంపిందట. ఆయన ఆ మధ్యాహ్నం క్యాంటీన్ మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. ఉప్పు మానమన్నారు, నేను మానలేదు, రోజూ గ్లాసు నిండుగా పడటం నా రెండు కళ్ళతో చూశాను, అయినా దిగింది, ఉప్పు సంగతి ఈ డాక్టర్లకేం తెలుసు, మా అక్క చేతి ఉప్పు ఎవరికీ కీడు చెయ్యదు, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క గరిటె పట్టుకుని నిలబడింది. జీవితంలో ఆమెకి అంతకంటే గొప్ప కబురు దొరకలేదు, అంతమంది వినేవాళ్ళూ ఒకేసారి దొరకలేదు. పెదాలు కదిలాయి. నేను దగ్గడం కూడా మరిచిపోయాను. చెప్పేస్తే రేపు మధ్యాహ్నానికి సూపు చప్పబడుతుంది, ఎల్లుండికి జేబులోంచి పొట్లం బయటికొస్తుంది.

"సూపు చల్లారిపోతోంది, తినండి," అంది.

తర్వాత నా గదిలోకొచ్చి తలుపేసుకుని, నవ్వి నవ్వి ఏడ్చింది. ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్ళుండాలే అని అడిగింది. ఆయన రిటైరయ్యేదాకా అన్నాను. వేళ్ళు మడిచి చూసుకుంది. పదకొండేళ్ళు.

పోయిన నెల ఆయన రిటైరయ్యాడు. క్యాంటీన్‌లోనే వీడ్కోలు. మేనేజరు గోడ గడియారం ఇచ్చాడు, మెకానిక్కులు పాత హారను నిగనిగలాడేలా తుడిచి ఇచ్చారు. జ్ఞాపకంగా ఇంకేం కావాలని అడిగితే, అక్క సొట్ట గ్లాసు కావాలన్నాడు. అక్క ముఖం పాలిపోయింది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నాడు, ముద్దుగా తిప్పి చూశాడు, లోపలికి చూశాడు. గోటితో గీకాడు. గోటికి తెల్లగా అంటుకుంది. వాసన చూశాడు.

"ఎప్పట్నించి?"

"నిన్ను గొడుగుల్లో కూర్చోబెట్టారే, ఆ వారం నించి."

ఆయన గ్లాసుని బల్ల మీద పెట్టి అక్కవైపు తిరిగాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఉప్పు గురించి ఒక్క మాట కూడా అనలేదు.

"పదకొండేళ్ళు," అన్నాడు. "నువ్వు? ఒక్కరికీ చెప్పకుండా?"

"టైం కీపరుకి చెప్పాన్రా," అంది అక్క, తప్పు చేసిన పిల్లలా.

ఆయన కళ్ళు తుడుచుకుని, బల్ల దగ్గర కూర్చుని, సూపు ఒక చెంచా తాగాడు. ఇంకో చెంచా తాగాడు. చప్పగా ఉందక్కా అన్నాడు. గిన్నె ఖాళీ చేసి, ఇంకో గిన్నె పెట్టించుకున్నాడు.