గ్రేటింగ్ మీద శ్రీచూర్ణం

అది 2022 మే నెల. తిరుపతిలో మా లేజర్ ల్యాబ్ బయట ఎండ మండిపోతున్నా, లోపల క్లీన్ రూమ్ చల్లగా ఉండేది. క్లీన్ రూమ్ అంటే గాలిని కూడా వడకట్టి పంపే గది. టోపీ, మాస్కు, కోటు లేనిదే అందులోకి ఎవరినీ రానివ్వం.

మేము పనిచేసేది అతి తీవ్రమైన లేజర్ మీద. కాంతిని ఊహకందనంత చిన్న తునకగా కుదిస్తాం. దాన్నే పల్స్ అంటాం. ఆ కుదింపు చేసేది గ్రేటింగ్. బంగారు పూత మీద కంటికి ఆనని గీతలు గీసిన పలక అది. దాని మీద ఒక్క నలుసు పడినా, పల్స్ తగిలిన చోట కాలిపోతుంది.

సత్యవేడు దగ్గరి రైతుబిడ్డ హేమలత అప్పుడు నా దగ్గర నాలుగో ఏడు పరిశోధన చేస్తోంది. గ్రేటింగ్‌ను సరిచేసి, అది ఉండే పెట్టె మూసే పని ఆమెది. ఆ రోజు మూసే ముందు నేనూ ఒకసారి వంగి చూశాను. లేజర్ నడిపిన కాసేపటికే శక్తి పడిపోయింది. పెట్టె తెరిస్తే పలక నడుమ గోధుమరంగు మచ్చ.

"మూసే ముందు చూసుకోలేదా?" అని అరిచాను.

"చూసినాను సార్."

"చూస్తే ఇదెలా వచ్చింది? నాలుగేళ్ళలో నేర్చుకున్నది ఇదేనా?"

అందరి ముందూ అన్నాను. ఆమె తల దించుకుంది. మచ్చను పరీక్షించి రిపోర్టు రాయమన్నాను. మర్నాడు, ‘బయటి నలుసు, ఏమిటో తెలియదు’ అని రాసి, కాగితం నా బల్ల మీద పెట్టి ఊరికి వెళ్ళిపోయింది. వారమైనా రాలేదు. చదువు మానేసి శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం వెతుక్కుంటోందని తోటివాళ్ళు చెప్పారు.

అప్పుడు ఆ పలకను నేనే మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. మచ్చ అంచున కాలకుండా మిగిలిన రేణువులు కనిపించాయి. ఎర్రనివి. రోజూ స్నానం కాగానే నేను తిరునామం నడుమ దిద్దుకునే శ్రీచూర్ణం రంగు. టోపీకీ మాస్కుకీ మధ్య నా నుదురు బయటే ఉంటుంది. ఆ రోజు ఎండలో నడిచి చెమటతో వచ్చి పలక మీదికి వంగినవాణ్ణి నేనే.

ఆ ఆదివారం సత్యవేడు బస్సెక్కాను. నన్ను చూడగానే వాళ్ళ నాయన చేతులు జోడించాడు.

"రాండి సామీ, కూసోండి. మా పాప ఏందో సామాను సెడగొట్టిందంట గదా. సిన్నపిల్ల, మన్నించండి."

"చెడగొట్టింది నేనయ్యా. మీ అమ్మాయి కాదు."

మజ్జిగ తెస్తున్న హేమలత గడపలోనే ఆగిపోయింది.

"మచ్చ పక్కన ఎర్రపొడి చూశానమ్మా" అన్నాను.

"నేనూ ఆ పొద్దే చూసినాను సార్."

"మరి రాయలేదేం?"

"దేవుని నామం గదా సార్. దానివల్లే కాలిందని నా చేత్తో ఎట్ల రాసేది?"

వాళ్ళ నాయన పకపకా నవ్వాడు. "సరిపోయింది మే! సదువు పోగొట్టుకోని దేవుణ్ణి కాపాడతా ఉండావా? ఆయన్ని ఆయన కాపాడుకోలేడా?"

ముగ్గురం నవ్వాం. ఆమె మాత్రం నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మా శనివారం గోష్ఠిలో అందరం కలిసి కూర్చుని పారాయణం చేసేటప్పుడు పెద్దవాళ్ళు పదం తప్పితే, పక్కన కూర్చున్న చిన్నపిల్లయినా ఆపి సరిచేస్తుంది. దాన్ని ఎవరూ అపచారం అనుకోరు. స్వామికి చేసే సేవ అనుకుంటారు. అందులోనే పెరిగి పెద్దవాణ్ణయిన నేను, నా ల్యాబ్‌లో పిల్లలకు ఆ చనువు ఇవ్వలేదు. నా భక్తిని చూసి ఒక పిల్ల నిజం దాచుకోవలసి వచ్చింది. ఆ వారం రోజులూ ఆమె ఒంటరిగా మోసింది నా తప్పునే.

సోమవారం ఆమె ల్యాబ్‌కు తిరిగి వచ్చాక, అందరినీ పిలిచి జరిగింది చెప్పాను. హేమలత చేతే కొత్త రిపోర్టు రాయించి, కింద సంతకం చేశాను. కొత్త గ్రేటింగ్ వచ్చింది. ఆమె పరిశోధన కూడా పూర్తయింది.

నామం నేను మానలేదు. క్లీన్ రూమ్‌లోకి వెళ్ళే ముందు తడిబట్టతో తుడుచుకుంటాను. హేమలత ఉన్నన్నాళ్ళూ నా నుదురు చూసే పని ఆమెదే.

"ఆగండి సార్, కనుబొమల నడుమ ఇంకా ఉండాది" అనేది.

మళ్ళీ తుడుచుకునేవాణ్ణి. స్వామి నొచ్చుకుంటాడని నాకు ఒక్కనాడూ అనిపించలేదు.