గడీ బండల బాట

మా ఇంటికీ ఊరి రోడ్డుకూ మధ్య యాభై అంగల దూరం. అంతా నల్లరేగడి. ఎండాకాలం కాలు ఇరుక్కునే నెర్రెలు, వానాకాలం మోకాలి లోతు బురద. ఆ బురదలో జారిపడ్డాక మా అవ్వ రెండేళ్లు గడప దాటలేదు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేది. పానగల్లులో ఉన్న చెల్లెల్ని చూసి రావాలని ఆమెకు ఒకటే ఆరాటం. ఆ నెర్రెల్లో, బురదలో బండి ఇంటి ముందుకు రాదు, రోడ్డు దాకా ఆమె నడవలేదు. మంచం మీద రోడ్డు దాకా మోస్తామని మా బాపు అంటే కన్నకొడుకు మీద ఇంతెత్తున లేచింది.

"మంచం మీద నలుగురు మోస్తే ఊరంత నేను సచ్చిన్ననుకుంటది. నేను ఇంటి ముంగటనే బండెక్కుత."

అందుకని పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది, ఇంటి దాకా బండి బాట వేయించాలని బాపు నిశ్చయించాడు. పనివాళ్లకు కొరత లేదు. సైన్యం లారీలు రాకుండా రోడ్డు తవ్వమని కమ్యూనిస్టు దళం వాళ్లు చెబితే తవ్వి, సైనికులు వచ్చి పూడ్చమంటే పూడ్చి, మళ్లీ తవ్వి, మళ్లీ పూడ్చి, మా ఊళ్లో అందరికీ ఈ పనిలో చేయి తిరిగిపోయింది. ఇన్నాళ్లకు కూలి ఇచ్చే రోడ్డు ఒకటి దొరికిందని వాళ్లు సంబరపడ్డారు.

తగువంతా దేంతో వేయాలన్న దగ్గరే వచ్చింది. బాపు బొగ్గు ముక్క పట్టుకుని గోడ మీద లెక్క మొదలుపెట్టాడు. మొరం, అదే ఎర్ర కంకర మట్టి, గుట్ట దగ్గర ఊరికే దొరుకుతుంది, తోలుకొచ్చే ఖర్చే. కానీ రెండు వానలకు సగం కొట్టుకుపోతుంది. గుండ్లు కొట్టించి రాళ్లు పరిస్తే గట్టిగా ఉంటుంది గానీ కొట్టే కూలి తడిసి మోపెడవుతుంది. ఇక నున్నటి షాబాదు బండలు. ఊరి దొర పట్నం వెళ్లిపోయి ఇక రానని కబురు చేస్తే, గుమాస్తా ఆయన కోటలాంటి గడీ వాకిట్లోని బండలు ఊడదీయించి అమ్ముతున్నాడు. అన్నిటికన్నా ఖరీదు వాటికే. బాపు మనసు పడిందీ వాటి మీదే.

"మొరం పోపియ్యి. కొట్టుకపోతే మల్ల పోద్దాం," అంది అమ్మ.

"బండలైతే నా మనుమల దాక ఉంటయి," అన్నాడు బాపు.

"మనుమల ముచ్చట తర్వాత. ముందుగాల అత్త పానగల్లు పోవాలె గద?"

నేను బాపు పక్షం చేరాను. మా వాకిలి గడీలా మెరుస్తుందని నా ఆశ. బాట గురించి అడిగితే పద్నాలుగేళ్ల పిల్ల అందమే చూస్తుంది మరి.

బొగ్గు లెక్క ఎంతకీ సరిపోక బాపు కోడెను అమ్మేశాడు. బండి బాట కోసం ముసలి ఎడ్ల తర్వాత బండికి కట్టాల్సిన కోడెనే అమ్మిన మనిషి మా జిల్లాలో ఇంకొకరు ఉండరు. అమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెప్పాల్సినవన్నీ బర్రెతో చెప్పింది, ఆయనకు వినపడేలా.

ప్రయాణం రోజు అవ్వ కొత్త చీర కట్టుకుని, మోకాళ్లకు మంచిదని బాపు కుట్టించిన కిర్రు చెప్పులు తొడుక్కుని, చెల్లెలికి మురుకుల మూట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. బాపు రోడ్డు మీది నుంచి బండిని కొత్త బాట మీదికి మళ్లించాడు. ముసలి ఎడ్లు రెండడుగులు వేశాయి. నాడాలు కొట్టిన గిట్టలు నున్నటి బండ మీద సర్రున జారాయి. కుడివైపు వలపటెద్దు ముందుకాళ్ల మీద కూలబడి లేచింది. అంతే, రెండూ వెనక్కి తగ్గి రోడ్డు మీదే నిలబడ్డాయి.

బాపు బతిమాలాడు, అదిలించాడు, తోకలు మెలిపెట్టాడు. జారకుండా బండల మీద గడ్డి పరిచాడు. ఎడ్లు మెడలు చాపి అందినంత గడ్డి తిన్నాయి, అడుగు మాత్రం వేయలేదు.

"దొర బండలని ఎడ్లకు గూడ ఎరుకైంది," అన్నాడు దారిన పోతున్న గొర్లకాపరి. చుట్టూ చేరినవాళ్లు గొల్లుమన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు ముఖం చూస్తే నాకు మాత్రం జాలేసింది.

అవ్వకు ఓపిక నశించింది.

"గా ఎడ్లు నా దగ్గరికి రాకుంటె నేనే ఎడ్ల దగ్గరికి పోత," అని నా భుజం పట్టుకుని లేచి గడప దిగింది. మొదటి బండ దగ్గర ఆగింది. చెప్పులు విడిచి, వంగి, చేతిలోకి తీసుకుంది.

నవ్వులన్నీ ఆగిపోయాయి. గడీ వాకిట్లోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఆ బండలు మా ఇంటి ముందుకు వచ్చాయని అవ్వకు తెలుసు గానీ, ఆమె కాళ్లకు ఇంకా తెలియలేదు. మొరం వద్దని బాపు ఎందుకంత మొండికేశాడో నాకప్పుడు అర్థమైంది.

బాపు పరుగున వచ్చి, ఆమె చేతిలోని చెప్పులు తీసుకుని కాళ్ల దగ్గర పెట్టాడు.

"అవ్వా, ఏసుకో. గివి మనయి."

"మనయేనా?"

"కోడెనమ్మి కొన్న."

అవ్వ ఒక కాలు దూర్చింది, కాసేపు ఆగి రెండోది దూర్చింది. కిర్రు కిర్రుమంటూ నడిచింది. సమంగా పరిచిన బండలు, కాలు ఎక్కడా తడబడలేదు. సగం దాటాక నా భుజం కూడా వదిలేసింది. బండి దగ్గరికి చేరి మురుకుల మూట అందులో పెట్టింది. ఎక్కుతుందని బాపు చెయ్యి అందిస్తే, పట్టుకోకుండా వెనక్కి తిరిగి ఇంటి వైపు నడక మొదలుపెట్టింది.

"అవ్వా, పొద్దెక్కుతాంది. పానగల్లు పోవా?" అన్నాడు బాపు.

"ఉండురా, జర నడువనియ్యి."